ముందు అడుగు చూడండి: ఒహాయోలో నా గాజు వేట

అమెరికన్ ఆర్ట్ గ్లాస్, అంటే అందం కోసం చేసిన రంగుల గాజు సామాను, అనగానే అందరి నోటా వచ్చే పేరు టిఫనీ. పాత గాజు కొనడం మొదలుపెట్టినప్పుడు నాకూ ఆ ఒక్క పేరే తెలుసు. ఇన్నేళ్లయ్యాక చూసుకుంటే మా అద్దాల బీరువాలో టిఫనీది ఒక్కటి కూడా లేదు. డబ్బు చాలకపోవడం కొంత నిజమే. కానీ అసలు కారణం వేరు. ఈ సరదాలో పేరు చూసి కొనేవాళ్లు ఉంటారు, గాజు చూసి కొనేవాళ్లు ఉంటారు. నేను రెండో రకంలో పడ్డాను. ఎలా పడ్డానో, దానికోసం ఏమేం నేర్చుకోవాల్సి వచ్చిందో చెప్తాను.

మేముండేది కొలంబస్ పక్కనున్న డబ్లిన్‌లో. తెలుగువాళ్లు బాగానే ఉన్న ఊరు. శనివారం వస్తే చాలామంది పిల్లల్ని కూచిపూడి క్లాసులో దింపి కాస్ట్‌కోకి పోతారు. మా ఆయన, నేను మాత్రం తూర్పు వైపు ఐ-70 హైవే ఎక్కుతాం. రెండు గంటల ప్రయాణంలో ఒకప్పుడు గాజు మీదే బతికిన ఊళ్లు చాలా తగులుతాయి. ఒక్కో ఊళ్లో ఒక్కో గాజు కంపెనీ: న్యూవార్క్‌లో హైజీ, కేంబ్రిడ్జ్‌లో ఊరి పేరే పెట్టుకున్న కేంబ్రిడ్జ్ గ్లాస్, బెలేర్‌లో ఇంపీరియల్, ఒహాయో నది దాటి వెస్ట్ వర్జీనియాలో అడుగుపెడితే వీలింగ్‌లో నార్త్‌వుడ్. నది వెంట కిందికి దిగితే విలియమ్స్‌టౌన్‌లో ఫెంటన్. ఇవన్నీ ఇక్కడే ఎందుకు పుట్టాయని మొదట్లో నాకు అనుమానం. గాజు కొలిమి రాత్రీ పగలూ ఆరకూడదు. ఇక్కడ బొగ్గుంది, తర్వాత భూమిలోంచి గ్యాస్ పడింది, సరుకు పంపడానికి నది ఉంది. మసాచుసెట్స్‌లో పేరుమోసిన లిబ్బీ కంపెనీ కూడా 1888లో సామాను సర్దుకుని మా రాష్ట్రంలోని టొలీడోకి వచ్చేసింది చవక గ్యాస్ కోసమే.

ఆ టొలీడో మ్యూజియంలో గాజు కోసం విడిగా కట్టిన భవనం ఉంది, గోడలు కూడా గాజువే. 2006లో తెరిచారు. నా చదువు అక్కడ మొదలైంది. అక్కడ ఒక ఆంబెరీనా పాత్ర ముందు నిలబడి చాలాసేపు చూశాను. కింద తేనె రంగు, పైకి పోయేకొద్దీ కెంపు ఎరుపు, మధ్యలో ఎక్కడ మారిందో గీత గీయలేం. రంగు పూసింది కాదు. కరిగిన గాజులో కాస్త బంగారం కలుపుతారు. వస్తువు తయారయ్యాక పై భాగాన్ని మాత్రం మళ్లీ కొలిమి నోటి దగ్గర కాలుస్తారు. రెండోసారి వేడి తగిలినచోట ఎరుపు పొడుస్తుంది, తగలనిచోట తేనె రంగు ఉండిపోతుంది. దీనికి న్యూ ఇంగ్లండ్ గ్లాస్ కంపెనీలో జోసెఫ్ లాక్ 1883లో పేటెంట్ తీసుకున్నాడు. రెండేళ్లకి న్యూ బెడ్‌ఫర్డ్‌లోని మౌంట్ వాషింగ్టన్ కంపెనీ బర్మీస్ అని ఇంకోటి తెచ్చింది. అందులో బంగారంతో పాటు యురేనియం కూడా కలుపుతారు. కింద వెన్న పసుపు, పైన లేత గులాబీ.

1886లో న్యూయార్క్‌లో ఒక ధనవంతురాలి సొత్తు వేలం వేస్తే అందులో పీచ్ పండు రంగున్న ఒక చైనా పింగాణీ కూజా 18,000 డాలర్లు పలికింది. పత్రికలన్నీ దాని గురించే రాశాయి. వెంటనే వీలింగ్‌లోని హాబ్స్, బ్రోకునియర్ కంపెనీ అచ్చు ఆ పీచ్ రంగులోనే గాజు కూజాలు చేసి అమ్మేసింది. ఆ గాజు పేరే పీచ్‌బ్లో. దాన్ని ఇవాళ సేకర్తలు కళ్లకద్దుకుంటారు కానీ దాని పుట్టుక అంత పక్కా వ్యాపారం. ఈ కథ తెలిశాక ఆర్ట్ గ్లాస్ మీద నాకున్న బెరుకు పోయింది.

మ్యూజియంలో చూడటం వేరు, చేత్తో పట్టుకోవడం వేరు. నాకు చెయ్యి తిరిగింది స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఒక యాంటిక్ మాల్‌లో. యాంటిక్ మాల్ అంటే ఒక పెద్ద షెడ్డులో వందలమంది డీలర్లు చిన్న చిన్న స్టాళ్లు అద్దెకు తీసుకుని సరుకు పెట్టుకునే చోటు. చాలా స్టాళ్లలో మనిషి ఉండడు, చీటీ మీద ధర ఉంటుంది, కౌంటర్‌లో డబ్బు కట్టాలి. ఒక స్టాల్‌లో మాత్రం ఒక పెద్దావిడ కుర్చీ వేసుకుని కూర్చునేది. నేను నారింజ మెరుపున్న ఒక గిన్నె తీసి పైపైన చూస్తుంటే ఆవిడ లేచి వచ్చి, నా చేతిలోంచి తీసుకుని బోర్లించింది. "మెరుపు అందరికీ కనబడుతుందమ్మా. ముందు అడుగు చూడండి" అంది. ఆవిడ మాట్లాడింది ఇంగ్లీషే, కానీ ఆ గొంతులో అమ్మా అన్న పిలుపే నాకు వినబడింది.

అది కార్నివాల్ గ్లాస్. అచ్చులో నొక్కి తీసిన గాజు ఇంకా వేడిగా ఉన్నప్పుడే దానిమీద లోహ లవణాల ద్రావణం చల్లుతారు. పైన సన్నటి పొర ఏర్పడుతుంది. నెమలికంఠం పట్టుచీర మడత తిప్పితే రంగు మారినట్టు, గిన్నె కొంచెం వంచితే ఊదా, ఇంకొంచెం వంచితే ఆకుపచ్చ, ఆపైన బంగారు రంగు. టిఫనీ, స్టూబెన్ లాంటి కంపెనీలు చేతి పనితో తెచ్చిన మెరుపుని ఫెంటన్ కంపెనీ 1907 చివర్లో అచ్చు గిన్నెల మీదికి దించింది. దాంతో మామూలు ఇళ్లకీ అందింది. తర్వాత మోజు తగ్గి, మిగిలిన సరుకు జాతరల్లో ఆటలు గెలిచినవాళ్లకి బహుమతిగా ఇచ్చారని చెప్తారు. కార్నివాల్ అనే పేరు సేకర్తలు 1950లలో పెట్టుకున్నది, చేసినవాళ్లు పెట్టింది కాదు.

అడుగు ఎందుకు చూడాలంటే, పైన మెరుపు ఎన్ని రంగులు చూపించినా ఆ వస్తువు రంగు అంటే లోపలి గాజు రంగే. దాన్ని వెలుతురుకి ఎత్తి పట్టి, మెరుపు పడని అడుగు భాగంలోంచి చూడాలి. అడుగు ఏ రంగూ లేకుండా తేటగా, పైన నారింజగా ఉంటే మారిగోల్డ్. ఇదే ఎక్కువ దొరుకుతుంది, ఇదే చవక. అడుగు ఊదాగా ఉంటే అమెథిస్ట్. నీలం, ఆకుపచ్చ కూడా ఉంటాయి. ఎరుపు అరుదు, 1920లలో ఎక్కువగా ఫెంటన్, ఇంపీరియల్ చేసినవి. ఒకే అచ్చు, ఒకే సైజు, ఒకే కంపెనీ అయినా మారిగోల్డ్‌కి ముప్పై డాలర్లు చెప్పిన డీలరే ఎరుపుకి సున్నా ఒకటి పెంచి చెప్తాడు, ఒక్కోసారి రెండు.

ఆ తర్వాత అంచు. కొనే ముందు అంచు చుట్టూ గోరు పెట్టి నెమ్మదిగా తిప్పాలి. కంటికి కనబడని పెచ్చు గోటికి తగులుతుంది. కార్నివాల్ గిన్నెల అంచులు కుచ్చెళ్లు పెట్టినట్టు ఉంటాయి, అచ్చులోంచి తీశాక పనివాడు చేత్తో వంచినవి. ఆ కుచ్చెళ్ల మడతల్లోనే పెచ్చులు దాక్కుంటాయి. వెంట్రుకంత బీట ఉన్నా ధర సగానికి పడిపోతుంది. వందేళ్ల నాటి గిన్నె అయితే అడుగున బల్లల మీద జరిగి జరిగి సన్నటి గీతలు పడి ఉండాలి, అవి కూడా అన్ని వైపులకీ. గరుకు కాగితంతో రుద్ది గీతలు తెస్తే ఒకే వరసలో వస్తాయి. ఇది తెలిసిన రోజు నుంచి నా బ్యాగులో చిన్న భూతద్దం ఉంటోంది.

భూతద్దంతో పాటు బ్లాక్ లైట్ టార్చ్, అంటే అతినీలలోహిత (యూవీ) కాంతి వేసే టార్చ్ కూడా. దీని గురించి జనంలో ఉన్నంత హడావిడి నాకు లేదు. యురేనియం కలిసిన గాజు దాని కింద కణకణమని ఆకుపచ్చగా వెలుగుతుంది, నిజమే. పిల్లలకి చూపిస్తే సరదా. కానీ వెలిగినంత మాత్రాన పాతదని కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో యురేనియంని ప్రభుత్వం గుప్పిట్లో పెట్టుకుంది, 1950ల చివర్లో గాజు కంపెనీలకి మళ్లీ దొరికింది. ఫెంటన్ 1970 ప్రాంతంలో బర్మీస్ మళ్లీ చేసింది, అదీ వెలుగుతుంది. గాజులో మాంగనీస్ ఉన్నా మసకగా ఆకుపచ్చ వస్తుంది. కాడ్మియం ఉంటే పసుపో నారింజో వస్తుంది. స్టాళ్లలో మసక వెలుగు వస్తువుకి కూడా యురేనియం అని చీటీ కట్టి రేటు పెంచేస్తున్నారు. నేను టార్చ్‌ని చివరి సాక్షిగానే పిలుస్తాను.

ముద్రలు కొంచెం నమ్మదగ్గవి, కానీ వాటినీ చదవడం రావాలి. నార్త్‌వుడ్ వస్తువుల్లో చాలావాటికి అడుగున గుండ్రంలో ఎన్ అక్షరం, దానికింద గీత ఉంటుంది. అన్నిటికీ ఉండదు. పాత ఫెంటన్ కార్నివాల్‌కి ముద్రే లేదు. అచ్చులో ఫెంటన్ అనే పేరు పడటం 1970లో మొదలైంది. కాబట్టి పేరుంటే అది కొత్తదని అర్థం. 1980లలో ఆ పేరు కింద చిన్న 8 చేర్చారు, 90లలో 9, 2000 తర్వాత 0. ఇంపీరియల్ వాళ్లు పాత అచ్చులతోనే 1960లలో మళ్లీ కార్నివాల్ పోశారు, వాటికి ఐ, జీ అక్షరాలు ఒకదానిమీద ఒకటి పడ్డ ముద్ర ఉంటుంది. ముద్ర ఉంటే గొప్ప అనుకుని కొత్తవాళ్లు ఎక్కువ పెడతారు. డీలర్లకి అది తెలుసు.

అలాగని కొత్త ఫెంటన్‌ని నేను చిన్నచూపు చూడను. వందేళ్లు దాటితే యాంటిక్, దాటకపోతే వింటేజ్, అంతే తేడా. 2011లో ఫెంటన్ తన గాజు పని ఆపేసింది. 1905లో అన్నదమ్ములు మొదలుపెట్టిన కంపెనీ అది.  దానికి దగ్గర్లో మారియెట్టాలో మేం కలిసిన ఒకాయన తన అత్తగారు అక్కడ గాజు మీద పూలు వేసేదని చెప్పాడు. చేత్తో వేసిన ఫెంటన్ వస్తువుల మీద వేసినవాళ్ల సంతకం ఉంటుంది. నేను గౌరవించే సంతకం ఈ రంగంలో అదొక్కటే.

సంతకం మాట వచ్చింది కనక ఎస్టేట్ సేల్ గురించి చెప్పాలి. ఇంట్లో పెద్దవాళ్లు పోయాకో, ఇల్లు మారేటప్పుడో ఇంటి సామాన్లన్నిటికీ ధర చీటీలు కట్టి, తలుపులు తెరిచి అమ్మడం ఇక్కడి పద్ధతి. మొదట్లో నాకు అది మింగుడు పడలేదు. మనకి పోయినవాళ్ల వస్తువుల దగ్గర ఒక పట్టింపు ఉంటుంది కదా. వాళ్ల వంటింట్లోకి చెప్పులతో నడిచి, బీరువా తలుపులు తీసి చూడటం ఇబ్బందిగా ఉండేది. ఒకసారి ఆ ఇంటి కూతురే నా దగ్గరకి వచ్చి, "ఆ కూజా క్రిస్మస్‌కి మాత్రమే బయటికి తీసేవాళ్లం, మీరు రోజూ చూసుకోండి" అని చేతిలో పెట్టింది. ఆ తర్వాత ఇబ్బంది పోయింది.

పద్ధతి ఏమిటంటే పొద్దున్నే పోయి నంబర్ తీసుకోవాలి. లోపలికి పదిమందో పాతికమందో ఒకేసారి వదుల్తారు. డీలర్లు వెండి, నగల వైపు పరిగెడతారు, నేను తిన్నగా వంటింటి కిటికీ దగ్గరకి పోతాను. రంగు గాజుని ఆడవాళ్లు ఎండ పడేచోట పెట్టుకుంటారు. రెండో రోజు చాలాచోట్ల సగం ధర. ఆశపడి రెండో రోజు దాకా ఆగాలా, మొదటి రోజే కొనాలా అనే టెన్షన్ ప్రతిసారీ ఉంటుంది. నచ్చితే మొదటి రోజే కొంటాను.

అలాంటి ఒక ఇంట్లోనే ఎల్.సి.టి. అని గీసిన బంగారు రంగు కూజా కనబడింది. లూయిస్ కంఫర్ట్ టిఫనీ పొడి అక్షరాలు. దానికి కట్టిన ధర మా నెల ఇంటి వాయిదా కంటే ఎక్కువ. చుట్టూ నలుగురు మూగి సంతకం ఫొటోలు తీస్తున్నారు. నా వంతు వచ్చాక అలవాటు కొద్దీ సంతకాన్ని వదిలేసి మిగతాది చూశాను. గొట్టంతో ఊది చేసిన పాత వస్తువుకి అడుగున ఇనప కడ్డీ విరిచిన మచ్చ, దాన్ని నున్నగా చేసిన గుంట ఉంటాయి. దీనికీ ఉన్నాయి. కానీ అడుగున వాడకం గీతలు లేవు. భూతద్దం పెడితే సంతకం గీతలు అడుగు మిగతా భాగం కంటే తాజాగా తెల్లగా ఉన్నాయి, మెరుపు పొరని చీల్చుకుంటూ పోయాయి. వస్తువు పాతదే కావచ్చు, ఇంకెవరిదో మంచి పనే కావచ్చు, కానీ ఆ అక్షరాలు దానితో పుట్టినవి కావు. ఆ రోజుల్లో ఆ మెరుపు చేసింది టిఫనీ ఒక్కడే కాదు. బ్రూక్లిన్‌లో క్వెజల్ కంపెనీ ఉండేది, కార్నింగ్‌లో స్టూబెన్ ఉండేది. సంతకం లేని వాటికి తర్వాత ఎవరో కరెంటు సూదితో టిఫనీ పేరు చెక్కడం ఈ రంగంలో పాత కథే. మా ఆయన కారెక్కాక అడిగారు, "మరి ఎవరైనా కొంటారా?" కొంటారు. మేం ఇల్లు దాటకముందే కొన్నారు కూడా.

నేను కొన్న అతి ఖరీదైన వస్తువు స్టూబెన్ ఆరీన్, అరచేతిలో పట్టే చిన్న కూజా. ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఫ్రెడరిక్ కార్డర్ 1903లో న్యూయార్క్ రాష్ట్రంలోని కార్నింగ్‌లో స్టూబెన్ పెట్టాడు, మర్నాడే అన్నట్టు 1904లో ఆరీన్ అనే మెరుపు గాజు తెచ్చాడు. నాది వేలంలో వచ్చింది. సంతకం లేదు. అందుకే నా అందుబాటులోకి వచ్చింది. అంతకుముందే కార్నింగ్ మ్యూజియంకి పోయి కార్డర్ గదిలో ఉన్న ఆకారాలన్నీ కళ్లతో బట్టీపట్టి వచ్చాను. మెడ దగ్గర మెరుపు మృదువుగా, జిడ్డు లేకుండా, వెల్వెట్ తీరుగా ఉండటం, అడుగు మచ్చని నున్నగా చేసిన పద్ధతి, ఆకారం, అన్నీ కలిశాయి. వేలం సంగతి తెలియనివాళ్లకి ఒక్క మాట. సుత్తి పడ్డ ధర మీద కొనేవాళ్ల ప్రీమియం అని ఇరవై, పాతిక శాతం వేస్తారు, దానిమీద పన్ను. ఆ లెక్క ముందే కాగితం మీద వేసుకుని, ఆ అంకె దాటగానే చెయ్యి దించేయాలి.

ఆన్‌లైన్‌లో కొనడం నేను తగ్గించేశాను. ఫొటోలో మెరుపు ఎప్పుడూ నిజం కంటే ఎక్కువ ఉంటుంది, గోరుకి తగిలే పెచ్చు ఫొటోకి తగలదు. ఒకాయన అమ్మిన అమెథిస్ట్ గిన్నె ఒక్క డబ్బాలో పాత పేపర్లు చుట్టి పంపితే, తెరిచేసరికి గలగలమంది. డబ్బు తిరిగిచ్చాడు, గిన్నె ఎవరిస్తారు? ఇప్పుడు డబ్బాలో డబ్బా పెట్టి, మధ్యలో నాలుగువైపులా రెండంగుళాలు మెత్తగా నింపి పంపుతామని రాసిస్తేనే కొంటాను.

ఒక వస్తువు మాత్రం నన్ను ఇండియా దాకా తీసుకుపోయింది. కేంబ్రిడ్జ్ దగ్గర ఒక షాపులో మారిగోల్డ్ గ్లాసులు కొన్ని ఉన్నాయి. చీటీ మీద యూరప్ అని రాసుంది. బోర్లిస్తే ఒకదాని అడుగున గాజులోనే జైన్ అని ఇంగ్లీషు అక్షరాలు. ఫిరోజాబాద్‌లోని జైన్ గ్లాస్ వర్క్స్! మన గాజులు వచ్చే ఊరు. 1930ల నుంచి అక్కడ కార్నివాల్ గ్లాస్ చేశారు, చేప చుట్టుకున్న కూజాల లాంటివి ఇవాళ అమెరికా సేకర్తలు వెతుక్కుని మరీ కొంటారు. గాజు పల్చగా, మెరుపు అక్కడక్కడా ఎగుడుదిగుడుగా ఉంది. ఫెంటన్ పక్కన పెడితే పనితనం తక్కువే. అయినా బీరువాలో ముందు వరసలో పెట్టాను, దానికి నేను సంజాయిషీ ఇవ్వను.

ఇంటికి తెచ్చాక చేసేది తక్కువే. గోరువెచ్చని నీళ్లు, రెండు చుక్కల సబ్బు, సింకులో మెత్తటి తువాలు పరుచుకుని చేత్తో కడగడం. డిష్‌వాషర్ దగ్గరకి కూడా తీసుకుపోకూడదు, ఆ వేడికీ ఆ పౌడర్‌కీ మెరుపు పొర పోతుంది. పూలకూజాల లోపల కొన్నిసార్లు పాలు అంటినట్టు తెల్ల మసక ఉంటుంది. నీటి మరక అయితే వెనిగర్‌తో పోతుంది. నీళ్లు ఏళ్ల తరబడి నిలవుండి గాజులోని క్షారం బయటికొచ్చేసిన మసక అయితే పోదు, సిక్ గ్లాస్ అంటారు దాన్ని. తడిగా ఉన్నప్పుడు కనబడదు, ఆరితే బయటపడుతుంది. అందుకే షాపులో తడిసి ఉన్న కూజా కనబడితే ఆరేదాకా అక్కడే తిరుగుతుంటాను.

మా అత్తగారు రాజమండ్రి నుంచి వచ్చినప్పుడు బీరువా అంతా చూసి, "ఇన్ని గిన్నెలు కొని ఒక్కదాంట్లో కూడా ఏమీ వేయవేంటమ్మా?" అన్నారు. మర్నాడు లేచేసరికి నార్త్‌వుడ్ గిన్నెలో అరటిపళ్లు. నా గుండె జారింది కానీ, నిజానికి అది పళ్ల కోసమే పోసిన గిన్నె. ఆవిడ ఉన్నన్నాళ్లూ పళ్లు అందులోనే ఉన్నాయి, గిన్నెకేమీ కాలేదు.

ధరల గురించి అడిగేవాళ్లు ఉంటారు. పెట్టుబడిగా అయితే దీని జోలికి రావద్దు. మామూలు కార్నివాల్ ధరలు నేను చూస్తుండగానే తగ్గాయి. కొన్న తరం పెద్దదైపోతోంది, వాళ్ల పిల్లలకి బీరువాలు పెట్టుకునే ఇళ్లూ లేవు, ఓపికా లేదు. అమ్మేవాళ్లకి అది బాధ, నాలాంటి వాళ్లకి వరం. అరుదైన రంగులు, మంచి ఆర్ట్ గ్లాస్ మాత్రం తగ్గడం లేదు.

ఇప్పుడు నా కన్ను మిల్లర్స్‌బర్గ్ మీద ఉంది. ఫెంటన్ అన్నదమ్ముల్లో జాన్ విడిపోయి, ఒహాయోలోని ఆ ఊళ్లో 1909లో సొంత కొలిమి పెట్టాడు. రెండేళ్లకే దివాలా తీశాడు. ఆ కొద్దికాలంలో పోసిన కార్నివాల్ మెరుపు అద్దంలా నీళ్లు పోసినట్టు ఉంటుంది, రేడియం మెరుపు అంటారు. మన స్ప్రింగ్‌ఫీల్డ్ పెద్దావిడ దగ్గర ఆకుపచ్చ గిన్నె ఒకటుంది. మూడు వందల యాభై అంటోంది, నేను రెండు వందల ఎనభై అన్నాను. అడుగు మూడుసార్లు చూశాను, పెచ్చు లేదు. వచ్చే నెల జాతర మైదానంలో పెద్ద ఫ్లీ మార్కెట్ ఉంది, అక్కడికి తెస్తానంది. అప్పటిదాకా ఇంకెవరికీ చూపించనని మాట కూడా ఇచ్చింది, కానీ డీలర్ మాట కదా, పొద్దున్నే పోవాలి.